తీగలన్నీ పీకేశాక

ఇంజెక్షన్ మందు నింపే చిన్న గాజుసీసాలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో కంప్యూటర్లన్నీ ఒకే ఉదయం మొరాయించాయి. ప్రతి తెర మీదా ఒకే బెదిరింపు వెలిసింది. డబ్బు కడితేనే తాళం తీస్తామని ముఖం తెలియని దొంగలు కబురు పెట్టారు. కట్టేది లేదని కంపెనీ పెద్దాయన తేల్చేశాడు. కంపెనీకీ బయటి లోకానికీ మధ్య ఉన్న ప్రతి తీగనూ కంప్యూటర్ల బాధ్యత చూసే చిన్నకోడలు దగ్గరుండి పీకించింది.

యంత్రాలన్నీ ఆగిపోయాయి. గాజు కరిగే కొలిమి ఒక్కటే ఆగలేదు. అది ఆగకూడదు. ఒకసారి వెలిగించాక ఏళ్ళ తరబడి మండుతూనే ఉండాలి. చల్లబడిందా, లోపలి గాజు రాయిలా బిగుసుకుపోతుంది. ఇటుకలు పగుళ్ళిస్తాయి. మొత్తం పగలగొట్టి మళ్ళీ కట్టుకోవాల్సిందే. అన్నాళ్ళు సీసాలు లేకుండా కంపెనీ బతకదు. అందుకే మేస్త్రీ, అతని మనుషులు వంతులు వేసుకుని గ్యాస్ చక్రాన్ని చేత్తో తిప్పుతూ మంటను కాపాడుతూ వచ్చారు.

ఆ వారం చివర్లో, పెద్దాయన పిలుస్తున్నాడని తెలిసి చిన్నకోడలు మీటింగ్ గది తలుపు తోసింది. ఆమె కుర్చీలో వేరే మనిషి కూర్చుని ఉన్నాడు.

ఆ మనిషి ఆమె బావగారు. భర్తకు అన్న. ప్రొడక్షన్ మొత్తం అతని చేతుల్లోనే ఉంటుంది. ఫ్యాక్టరీలో అందరూ అతన్ని పెద్దసార్ అంటారు.

"లేవండి బావగారూ. అది నా కుర్చీ."

"కుర్చీ మీద పేరేమైనా రాసుందా? కూర్చున్నవాళ్ళదే కుర్చీ. నువ్వు అటు కూర్చోమ్మా, తలుపు దగ్గర."

తలుపు దగ్గరున్నది ప్లాస్టిక్ స్టూలు. టీ పోసే మనిషి ఫ్లాస్కు పెట్టుకునే స్టూలు. ఆమె దానివైపు చూసింది. ఫ్లాస్కు తీసి టేబుల్ మధ్యలో ఠపీమని పెట్టింది. కూర్చోలేదు.

టేబుల్ చివర పెద్దాయన ఉన్నాడు. గుండె ఆపరేషన్ తర్వాత మనిషి సగానికి సగం తగ్గాడు గానీ కనుబొమల కింద చూపు మాత్రం తగ్గలేదు. పక్కన, బీమా కంపెనీ పంపిన కంప్యూటర్ నిపుణుడు. వచ్చిన రోజు నుంచీ తుమ్ముతూనే ఉన్నాడు కాబట్టి ఆఫీసంతా అతన్ని చాటుగా జలుబాయన అంటోంది. ఇప్పుడూ రుమాలు ముక్కు దగ్గరే ఉంది.

"నిలబడే వింటావా?" అన్నాడు పెద్దాయన. "సరే, నీ ఇష్టం. మీరు చెప్పండి బాబూ."

జలుబాయన గొంతు సవరించుకున్నాడు. "దొంగలు లోపల తిరిగేటప్పుడు వాడిన లాగిన్ మేడమ్‌గారిది. స్టోర్స్‌లో అదే, అకౌంట్స్‌లో అదే, కంట్రోల్ రూమ్‌లో అదే. వేరేది ఎక్కడా కనబడలేదు. హా... హాచ్! క్షమించండి."

"విన్నారా నాన్నా?" బావగారు వెనక్కి వాలాడు. "మన ఇంటి తాళంచెవి ఆవిడ దగ్గరుంది. దొంగ ఆ తాళంచెవితోనే వచ్చాడు. ఇంకా విచారణ దేనికి, విందు భోజనమా ఇది, ఒక్కో వంటకం ఒక్కోసారి వడ్డించడానికి?"

"తాళంచెవితో వచ్చాడని ఆయన అన్లేదు." ఆమె జలుబాయన వైపు తిరిగింది. "ఏవండీ, ఒక దొంగ కిటికీలోంచి దూరాడు. లోపల మేకుకి తగిలించిన తాళంచెవి కనబడింది. అది తీసుకుని బీరువాలన్నీ తెరిచాడు. వాడు ఇంట్లోకి వచ్చింది కిటికీలోంచా, తాళంచెవిలోంచా?"

"కిటికీలోంచే."

"నేను కంట్రోల్ రూమ్ కంప్యూటర్లో పని చేస్తున్నప్పుడు నా లాగిన్ కొట్టేసుంటారా, లేదా?"

"కొట్టేసుండచ్చు. వాళ్ళు అప్పటికే లోపలుంటే." జలుబాయన రుమాలు మడిచాడు. "కాకపోతే మేడమ్, ఆ కిటికీ ఎక్కడుందో ఇంతవరకూ దొరకలేదు. మీరు పీకించిన తీగలన్నీ ఒక్కొక్కటిగా చూశాం. ఏ తీగలోనూ వాళ్ళు దూరిన జాడ లేదు."

"లేనిది ఎలా దొరుకుతుంది?" అన్నాడు బావగారు. "కిటికీ లేదు, గుమ్మం లేదు. ఉన్నది ఆవిడగారి లాగిన్ ఒక్కటే. నా ఇంజనీర్లు చిన్న పొరపాటు చేస్తే నలుగురిలో పెట్టి దులుపుతుంది కదా, ఇప్పుడు తన వంతు వచ్చేసరికి కిటికీ కథలు చెప్తోంది."

"మీ ఇంజనీర్లు పాటల కోసం కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌కి ఫోన్లు తగిలించారు. దులపక, దండ వెయ్యమంటారా?"

"చాలు!" పెద్దాయన అరచేత్తో టేబుల్ చరిచాడు. ఫ్లాస్కు మూత గలగలలాడింది. "అసలు సంగతికి రండి. ఫర్నేస్‌ని ఎన్నాళ్ళు చేత్తో నడుపుతాం? మేస్త్రీ మనుషుల చేతులు బొబ్బలెక్కాయి. కంప్యూటర్‌కి అప్పగించాలా, వద్దా?"

"అప్పగించాలి," అన్నాడు బావగారు.

"అప్పగించాలి," అంది ఆమె కూడా. "ఏ బ్యాకప్‌తో అన్నదే మా ఇద్దరికీ గొడవ మామయ్యా."

ఆ గొడవ మొదలై రోజులవుతోంది. కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌ని తుడిచేసి, అందులో ఉండాల్సినవన్నీ బ్యాకప్‌లోంచి మళ్ళీ ఎక్కించాలి. కంపెనీ దగ్గర రెండు బ్యాకప్‌లు మిగిలాయి. ఒకటి కొత్తది, దాడికి కొద్ది రోజుల ముందు తీసింది. రెండోది పాతది, కొలిమికి పెద్ద మరమ్మతు జరగక ముందు తీసింది. కొత్తది ఎక్కిస్తే కొలిమి వెంటనే దారికొస్తుంది. పాతది ఎక్కిస్తే తంటా. మరమ్మతులో వేడి కొలిచే గొట్టాలన్నీ మార్చారు. పాత బ్యాకప్‌కి ఆ సంగతే తెలియదు. అంకెలన్నీ మనుషులు నిలబడి సరిచూసుకోవాలి. పని ఇంకా చాలా సాగుతుంది.

"కొత్తది తీసేనాటికే దొంగలు లోపలున్నారని నా అనుమానం," అంది ఆమె. "ఒక్క రాత్రిలో ఇంత పని ఎవడూ చెయ్యలేడు. ముందొచ్చి, మూలన నక్కి, మన అలవాట్లన్నీ చూసి, అప్పుడు కొట్టారు. అలాంటప్పుడు కొత్త బ్యాకప్‌లో వాళ్ళూ ఉంటారు. అది ఎక్కించడమంటే దొంగని మనమే చెయ్యి పట్టుకుని ఫర్నేస్ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టడం."

"అనుమానం!" బావగారు నవ్వాడు. "ఈవిడ అనుమానం కోసం మనం కొనేవాళ్ళందర్నీ పోగొట్టుకోవాలి. నీ మొగుడు అక్కడ వాళ్ళ కాళ్ళావేళ్ళా పడుతున్నాడు, తెలుసా? ఇవాళ రేపు అని ఎన్నిసార్లు చెప్తాడు పాపం?"

"ఆయన కాళ్ళు పట్టుకుంటున్నది సరుకు పంపుతామని మీరు ఒప్పుకున్న తేదీల వల్ల. నన్నడిగి ఒప్పుకున్నారా?"

"నిన్నడగడమేంటి? ఇరవయ్యేళ్ళుగా ఈ ఫర్నేస్ వేడికి నా వెంట్రుకలు కాలుతున్నాయి. నువ్వు ఏసీ గదిలో కూర్చుని..."

"బావగారూ, మీ వెంట్రుకలు ఊడటానికీ ఫర్నేస్‌కీ సంబంధం లేదు. మీ పెళ్ళి ఫొటోలు చూశాను."

జలుబాయనకు తుమ్మొచ్చిందో, నవ్వొచ్చిందో తెలియలేదు. రుమాలులో ముఖం దాచుకున్నాడు. బావగారి ముఖం జేవురించింది.

పెద్దాయన మాత్రం నవ్వలేదు. కుర్చీ చేతుల మీద బరువు మోపి ముందుకు వంగాడు.

"అమ్మాయ్. నీ గుర్తింపు కార్డు, సర్వర్ గది తాళాలు ఇక్కడ పెట్టు."

ఆమె మామగారి ముఖంలోకి చూసింది. కోడలిగా ఇంటికొచ్చినప్పుడు ఇదే మనిషి ఆమెను ఫ్యాక్టరీకి తీసుకొచ్చి, "చదువుకున్నావు, ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, వచ్చి నా కంపెనీని చూసుకో," అన్నాడు. ఇప్పుడు అదే మనిషి చెయ్యి చాపి ఉన్నాడు, తాళాల కోసం.

"ఏ బ్యాకప్ అనేది తేల్చడానికి పిలిచారనుకున్నాను," అంది.

"అది తేలిపోయింది. నీ నోట ఏం వస్తుందో విందామనే ఇందాక అడిగాను."

"ఎప్పుడు?"

"పొద్దున్నే." బావగారు చెప్పాడు, గోళ్ళు చూసుకుంటూ. "కొత్త బ్యాకప్ నేనే ఎక్కించాను. మేస్త్రీని చక్రం వదిలెయ్యమన్నాను. ఫర్నేస్ ఇప్పుడు కంప్యూటర్ మీదే నడుస్తోంది. నీ అనుమానం దారి దానిది, ఫర్నేస్ దారి దానిది."

ఆమె బావగారి వైపు తిరిగింది.

"నాతో చెప్పకుండానా?"

"నీతో చెప్తే నువ్వు వద్దంటావు. వద్దనడం తప్ప నీకింకేం వచ్చు?"

"మామయ్యా, మీకు తెలుసా ఇది? తెలిసే ఊరుకున్నారా?"

"ఎందుకు ఊరుకోకూడదు?" పెద్దాయన గొంతు పెరిగింది. ఆ గొంతులో కోపంతోపాటు కొడుకును చూసుకుని పొంగే గర్వం ఉంది. "నువ్విక్కడ కిటికీలు, తాళంచెవులు అంటూ మాటల మూట విప్పుతున్నావు. వాడు చేసి చూపించాడు. నమ్మకం లేదా? ఇదిగో, నీ కళ్ళతో నువ్వే చూసుకో!"

జేబులోంచి ఫోన్ తీసి, ఆమె వైపు తిప్పి పట్టుకున్నాడు.

తెర పైభాగంలో కొలిమి కనబడుతోంది. కదిలే బొమ్మ. నారింజ రంగు మంట నాలుకలు చాస్తోంది. ఎత్తు మీంచి తీసిన బొమ్మ కాబట్టి కొలిమి ముందరి ఇనుప అరుగు, గ్యాస్ చక్రం, పక్కన గోడకున్న కరెంటు డబ్బా కూడా కనబడుతున్నాయి. కింద వేడి చూపించే అంకె. అది నిలకడగా లేదు. ఒకటి పెరుగుతోంది, ఒకటి తగ్గుతోంది, మళ్ళీ పెరుగుతోంది.

"ఇన్నాళ్ళూ అంకె బిగుసుకుపోయి ఉంది," అన్నాడు పెద్దాయన. "మంట బొమ్మ ఒక్కటే వచ్చేది. ఇవాళ పొద్దున లేచేసరికి అంకె కదులుతోంది. అది చూశాకే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకా ఏం రుజువు కావాలి నీకు?"

ఆమె ఆ అంకెను చూస్తూ ఉండిపోయింది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది.

"తీగలన్నీ పీకేశాం కదా మామయ్యా. మరి ఈ అంకె మీ ఫోన్‌లోకి ఎలా వస్తోంది?"

పెద్దాయన ఫోన్‌ను తన వైపు తిప్పుకుని, అది ఇప్పుడే చేతిలో మొలిచినట్టు చూశాడు.

జలుబాయన రుమాలు టేబుల్ మీద పడేశాడు. వచ్చిన రోజు నుంచి మొదటిసారి అతని ముక్కు గురించి అతనే మర్చిపోయాడు.

"పెద్దవాడా," అన్నాడు పెద్దాయన. "చెప్పు. ఎలా వస్తోంది?"

బావగారు గోళ్ళు చూసుకోవడం మానేశాడు.

"అదేం పెద్ద విషయం కాదు నాన్నా. ఫర్నేస్ పక్కన కరెంటు డబ్బాలో ఒక చిన్న పెట్టె. సిమ్ కార్డుతో పనిచేస్తుంది. పైన ఒక కెమెరా. ఆఫీసు తీగలతో దానికి సంబంధమే లేదు. అందుకే..."

"అందుకే నేను ఎన్ని తీగలు పీకించినా అది ఊడలేదు," అంది ఆమె. "అది ఫర్నేస్ కంప్యూటర్‌కి తగిలించి ఉందా?"

"అంకె రావాలంటే తగిలించాలి కదా!"

"దాని పాస్‌వర్డ్?"

"పెట్టెతోపాటు వచ్చిందే ఉంది."

"అంటే ఆ పెట్టె కొన్న ప్రతివాడికీ తెలిసిన పాస్‌వర్డ్." ఆమె జలుబాయన వైపు చూసింది. "దొరికిందాండీ మీ కిటికీ?"

"కిటికీ కాదు మేడమ్," అన్నాడతను. "సింహద్వారం."

"ఎందుకు పెట్టారు బావగారూ? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు!" అతను లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి జారి గోడకు కొట్టుకుంది. "నీకేం తెలుసు? ఆపరేషన్ అయ్యాక డాక్టర్లు ఈయన్ని ఫర్నేస్ దరిదాపులకి కూడా వెళ్ళొద్దన్నారు. అప్పుడు ఈ మనిషి ఏం చేశాడో తెలుసా? అన్నం మానేశాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇన్నేళ్ళూ పొద్దున లేవగానే కళ్ళకి నీలం అద్దం అడ్డం పెట్టుకుని మంట చూసి, అప్పుడు టీ తాగే మనిషి. మంట కనబడకపోతే నా రోజు మొదలవ్వదురా అన్నాడు. నేనేం చెయ్యను? నీ దగ్గరికొచ్చి, అమ్మా తల్లీ, మా నాన్నకి మంట చూపించడానికి అనుమతి ఇప్పించు అని అర్జీ పెట్టుకోవాలా?"

పెద్దాయన ఫోన్‌ను టేబుల్ మీద పెట్టాడు. ఇన్నాళ్ళూ దొంగ ఎలా వచ్చాడని ఇల్లూ ఆఫీసూ గాలించాడు. కోడల్ని దోషిలా తలుపు దగ్గర నిలబెట్టాడు. దొంగ వచ్చిన దారి తన చొక్కా జేబులోనే ఉంది. రోజూ పొద్దున్నే తెరిచి చూసుకుని మురిసిపోయిన దారి.

"నా కోసమా..." అన్నాడు.

ఆమెకు జాలి కలిగింది. కానీ ఆ జాలిని అక్కడే తొక్కిపెట్టింది. జాలిపడే తీరిక లేదు.

"మామయ్యా, నా మాట వినండి. దీని గురించి తర్వాత ఏడుద్దాం. ముందు ఒక్కటి చెప్పండి. ఈ ఫోన్‌లో మంట చూడటం ఎప్పుడు మొదలుపెట్టారు? ఫర్నేస్ మరమ్మతుకి ముందా, తర్వాతా?"

"ముందే." పెద్దాయన తడబడుతూ అన్నాడు. "మరమ్మతు చేసి మళ్ళీ వెలిగించినప్పుడు నేను రాలేకపోయాను కదా. ఇందులోనే చూశాను. మంట అంటుకోవడం ఇందులోనే చూశాను."

ఆమె టేబుల్ అంచు పట్టుకుంది.

పాత బ్యాకప్ మంచిదని ఆమె ఇన్నాళ్ళూ పోరాడింది. మరమ్మతుకి ముందు తీసింది కాబట్టి అందులో దొంగలు ఉండరని అందరితోనూ పోట్లాడింది. తలుపు అప్పటికే తెరిచి ఉంది.

"అయితే నా పాత బ్యాకప్ కూడా పనికిరాకపోవచ్చు," అంది. "రెండింటినీ నమ్మలేం."

"ఆహా!" బావగారి కళ్ళు మెరిశాయి. "అంటే ఇన్నాళ్ళూ నువ్వు నెత్తిన పెట్టుకుని ఊరేగించింది కూడా చెత్తేనన్నమాట. ఒప్పుకుంటున్నావు కదా, అందరి ముందూ?"

"ఒప్పుకుంటున్నాను. నేను అనుకున్నది తప్పు. మీరు చేసింది తప్పు. తేడా ఏంటంటే, నా తప్పు ఇంకా డిస్కులోనే ఉంది. మీ తప్పు ఫర్నేస్ నడుపుతోంది. ముందు దాన్ని ఆపండి."

"ఆపేది లేదు! అది చక్కగా..."

"ఆగండాగండి," అన్నాడు జలుబాయన. అతని చూపు ఫోన్ మీద ఉంది. "ఇందాకటి నుంచి ఒకటి పెరిగి ఒకటి తగ్గుతోంది కదా ఈ అంకె. ఇప్పుడు పెరగడం మానేసింది."

నలుగురూ వంగారు. అంకె తగ్గింది. ఆగింది. మళ్ళీ తగ్గింది. ఈసారి ఆగలేదు.

గోడ మీది ఇంటర్‌కమ్ మోగింది. బావగారు స్పీకర్ నొక్కాడు. కొలిమి హోరు గదిలోకి దూకింది, దాని మీంచి మేస్త్రీ గొంతు.

"పెద్దసార్! మంట దానంతటదే తగ్గిపోతోంది సార్! మేం ఏం ముట్టుకోలేదు. మీరు చక్రం మీద చెయ్యి వెయ్యొద్దన్నారని నిలబడి చూస్తున్నాం. ఏం చెయ్యమంటారు?"

"ఏం చెయ్యొద్దు!" అన్నాడు బావగారు. "కంప్యూటర్ సర్దుకుంటోంది. మొదట్లో అలాగే ఉంటుంది. ముట్టుకోకు."

"మేస్త్రీగారూ, నేను మాట్లాడుతున్నాను." ఆమె ఇంటర్‌కమ్ దగ్గరికి వచ్చేసింది. "చేతి మీదకి మార్చెయ్యండి. కంప్యూటర్ తీసెయ్యండి. ఇప్పుడే."

"ఏయ్! నీకు బుద్ధుందా?" బావగారు ఆమెకూ ఇంటర్‌కమ్‌కీ మధ్య అడ్డం వచ్చాడు. "కంప్యూటర్ ఒకవైపు గ్యాస్ పెంచుతూ, వీడు ఇంకోవైపు చక్రం తిప్పితే ఏమవుతుందో తెలుసా? పైకప్పు ఇటుకలు కరిగి గాజులో పడతాయి! ఫర్నేస్ కింద పనిచేసే మనుషులు నా మనుషులు. నీ కంప్యూటర్లు కాదు చస్తే మళ్ళీ కొనుక్కోడానికి!"

"పెంచట్లేదు, తగ్గిస్తోంది! మీ కళ్ళు ఆ అంకె మీద పెట్టండి, నా మీద కాదు!"

"అమ్మా, సార్, మీరిద్దరూ అరుచుకుంటే నాకేం అర్థమవుతుంది?" మేస్త్రీ గొంతులో విసుగు దాగలేదు. "ఎవరి మాట వినాలో ఒక్కరు చెప్పండి. పెద్దసార్ మాట కాదని నేను చక్రం ముట్టుకుంటే రేపు నా ఉద్యోగం ఉంటుందా? అయ్యగారున్నారా అక్కడ?"

ఇద్దరూ పెద్దాయన వైపు తిరిగారు.

పెద్దాయన వాళ్ళను చూడటం లేదు. ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని మంటను చూస్తున్నాడు. అంకెను కాదు, మంటనే. పెదవులు బిగుసుకున్నాయి. ఆ మంటను మొట్టమొదట వెలిగించింది ఆయన. కొడుకులు పుట్టకముందు నుంచీ దాని ముఖం చూసి దాని ఆరోగ్యం చెప్పగలడు.

"మంట పొట్టిదైపోయింది," అన్నాడు. "అంచులు పసుపెక్కుతున్నాయి. ఇది సర్దుకోవడం కాదురా పెద్దోడా. ఎవడో గొంతు నులుముతున్నాడు."

"నాన్నా, ఒక్క నిమిషం..."

"నోర్ముయ్!" ఆ అరుపుకు ఆయన గుండె ఏమవుతుందోనని అందరూ ఉలిక్కిపడ్డారు. ఆయన ఇంటర్‌కమ్ వైపు తల తిప్పాడు. "మేస్త్రీ! నేనే. కోడలు చెప్పినట్టు చెయ్యి. చేతి మీదకి మార్చు. ఇక నుంచి ఫర్నేస్ సంగతి ఆవిడ ఏం చెప్తే అది. నేను చెప్పినా సరే, ఆవిడనడిగాకే."

"సరేనయ్యా!"

ఫోన్ తెర మీద ఇనుప అరుగుపైకి ఒక మనిషి పరిగెత్తుకొచ్చాడు. మేస్త్రీ. కంప్యూటర్‌ని తప్పించే మీట కిందికి లాగాడు. రెండు చేతులతో చక్రం పట్టుకుని ఒళ్ళంతా వేసి తిప్పాడు. చక్రం మొరాయించింది. మళ్ళీ తిప్పాడు. పక్క నుంచి ఇంకొకడు వచ్చి చెయ్యి కలిపాడు.

మీటింగ్ గదిలో అందరి చూపూ అంకె మీదే ఉంది.

అంకె ఇంకోసారి తగ్గింది. ఆగింది. అక్కడే నిలబడింది. ఒకటి పెరిగింది.

మంట మెల్లగా సాగింది. పసుపు అంచులు మళ్ళీ నారింజలోకి తిరిగాయి.

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. ముడతల మధ్య నుంచి తడి జారింది. జలుబాయన గట్టిగా తుమ్మాడు. ఈసారి ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. బావగారు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని చొక్కా వీపున అతుక్కుపోయింది.

"బావగారూ," అంది ఆమె. గొంతులో వెటకారం లేదు, మెత్తదనం కూడా లేదు. "నన్ను ఎన్ని మాటలైనా అనండి, తర్వాత వింటాను. ఆ సిమ్ పెట్టె కరెంటు డబ్బాలో ఎక్కడుంది?"

"కింది అరలో. ఎడమవైపు. నల్లది." అతను నేల చూస్తూ చెప్పాడు.

ఆమె ఇంటర్‌కమ్‌లోకి వంగింది. "మేస్త్రీగారూ, చక్రం మీవాడికి అప్పగించండి. పక్కనున్న కరెంటు డబ్బా తెరవండి. కింది అరలో, ఎడమవైపు ఒక చిన్న నల్ల పెట్టె ఉంటుంది. దాన్ని తీగలతో సహా పీకెయ్యండి."

"పీకేస్తానమ్మా. అంత దూరం ఈ రిసీవర్ తీగ అందదు. పీకేశాక వచ్చి మళ్ళీ మాట్లాడతాను."

రిసీవర్‌ను అరుగు మీద పెట్టిన చప్పుడు వినబడింది. తర్వాత కొలిమి హోరు తప్ప ఏమీ లేదు.

"అయిపోయింది," అన్నాడు బావగారు, తనలో తాను అనుకున్నట్టు.

పెద్దాయన కళ్ళు తెరిచి మళ్ళీ ఫోన్ చూశాడు. భృకుటి ముడిపడింది.

"అమ్మాయ్, ఇదేంటి? మంట కింద అక్షరాలు వస్తున్నాయి."

ఆమె ఫోన్ లాక్కుంది. అంకె ఉండాల్సిన చోట ఎవరో టైపు చేస్తున్నారు. ఒక్కో అక్షరం, తొందర లేకుండా, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నంత తీరిగ్గా.

*బాగుంది పెద్దాయనా. మీ మంట మేమూ రోజూ చూస్తున్నాం.*

జలుబాయన ఆమె భుజం మీంచి చదివాడు.

*మీ మేస్త్రీ చక్రం వదిలేసి డబ్బా వైపు నడుస్తున్నాడు. అతన్ని ఆపండి.*

పైన కదిలే బొమ్మలో మేస్త్రీ వీపు కనబడుతోంది. నడుస్తూ నడుస్తూ చొక్కా చేతులు పైకి మడుచుకుంటున్నాడు.

*ఆ పెట్టె ఊడిన మరుక్షణం చక్రానికి వెనకున్న అసలు గ్యాస్ పైపు మూసుకుపోయేలా పొద్దున్నే అమర్చాం. చక్రం ఎంత తిప్పినా గ్యాస్ రాదు. పైపు మళ్ళీ తెరవడం మాకు తప్ప ఎవరికీ చేతకాదు. ఫర్నేస్ మీది. ఆలోచించుకోండి.*

"మేస్త్రీగారూ!" ఆమె ఇంటర్‌కమ్‌లోకి అరిచింది. "ఆగండి! ముట్టుకోకండి! మేస్త్రీగారూ!"

హోరు. అరుగు మీద పడి ఉన్న రిసీవర్‌లో ఆమె అరుపు ఆ హోరులో దోమ రొద కూడా కాదు.

"చక్రం దగ్గరున్నవాణ్ణి పిలువు!" అన్నాడు పెద్దాయన.

"చెవుల్లో దూది పెట్టుకుంటారు నాన్నా, వినబడదు!" అంటూనే బావగారు తలుపు వైపు దూకాడు. ప్లాస్టిక్ స్టూలు కాలికి తగిలి ఎగిరిపడింది. మీటింగ్ గదికీ కొలిమికీ మధ్య రెండు మెట్ల వరసలు, లారీలు తిరిగే వాకిలి, ప్యాకింగ్ షెడ్డు ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆమె మాటకు ఎదురు తప్ప చెప్పని మనిషి ఒక్క మాట కూడా అడక్కుండా మెట్ల మీద దబదబా దిగుతున్న చప్పుడు వినబడింది.

ఆమె చూపు తెర మీంచి కదల్లేదు. వెళ్ళమని చెప్పింది తనే. పీకెయ్యమన్నది తనే.

బొమ్మలో మేస్త్రీ కరెంటు డబ్బా ముందు ఆగాడు. తలుపు తెరిచాడు. మోకాళ్ళ మీద కూర్చుని, కింది అరలోకి చెయ్యి పెట్టాడు.